నల్ల అడుగుపూత మీద పసుపు వేయడం ఎలా

నల్ల ప్రైమర్ (అడుగుపూత) కొట్టిన మినియేచర్ మీద, అంటే ఆట బల్ల మీద నిలబెట్టే చిన్న సైనికుడి బొమ్మ మీద, నేరుగా పసుపు వేసి చూసినవాళ్లకి ఆ రంగు బాగా గుర్తుండే ఉంటుంది. పాచి పట్టిన గోడలా ఉంటుంది. ఇంకో కోటు వేద్దాం అనుకుంటారు, కాస్త నయమనిపిస్తుంది, మూడోది, నాలుగోది వేస్తారు, ఆరో కోటు దగ్గర ఎక్కడో పసుపు లాంటిది కనబడటం మొదలవుతుంది, కానీ అప్పటికి కవచం మీది రివెట్లు సగం పూడిపోయి ఉంటాయి, బెల్టు మడతల్లో రంగు గడ్డకట్టి ఉంటుంది, అంచుల్లో మాత్రం నలుపు ఇంకా తొంగి చూస్తూనే ఉంటుంది. నేను మొట్టమొదట వేసిన ఐదు బొమ్మల దళం అచ్చం ఇలాగే తయారైంది. రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చాలా బాధపడ్డాను, ఎందుకంటే నాకు పసుపంటే అంత ఇష్టం. ఆట బల్ల మీద ఎన్ని సైన్యాలున్నా, గది అవతలి నుంచి చూసినా, మొదట కంటపడేది పసుపు దళమే.

ఆ తర్వాత పసుపు బొమ్మలు చాలానే వేశాను. వాటన్నిటి నుంచి నాకు ఒంటబట్టింది ఒక్క విషయం, కింద చెప్పే పద్ధతులన్నీ దాని నుంచే పుడతాయి: నలుపుని కప్పే పని పసుపుకి అప్పజెప్పకూడదు. ఆ పని గోధుమ రంగుకీ ఓకర్‌కీ, అంటే మట్టిరంగు పసుపుకీ, ఇవ్వాలి. అవి కప్పేశాక పసుపు రెండు మూడు పలచటి పూతల్లో హాయిగా కూర్చుంటుంది. ఇది గుర్తుంచుకుంటే మీ దగ్గర ఏ కంపెనీ రంగులున్నా పని జరుగుతుంది.

పసుపు ఎందుకు మొండికేస్తుంది

కప్పడం అంటే ఏమిటో కాస్త తెలిస్తే ఏ డబ్బా ఎక్కడ వాడాలో మీకే అర్థమవుతుంది, అందుకే ముందు ఇది చెబుతున్నా. ఆక్రిలిక్ రంగులో ముఖ్యంగా మూడు ఉంటాయి: రంగునిచ్చే పొడి, అంటే పిగ్మెంట్; దాన్ని పట్టి ఉంచే ఆక్రిలిక్ జిగురు; నీళ్లు. వెలుగు ఆ పూతలోకి దిగి, పిగ్మెంట్ రేణువులకి తగిలి చెదిరి, అడుగుదాకా పోకుండా వెనక్కి వచ్చేస్తే ఆ రంగు బాగా కప్పుతోందని అర్థం. ఆ చెదరడం చాలావరకు పిగ్మెంట్‌కీ జిగురుకీ మధ్య వక్రీభవన గుణకంలో, అంటే వెలుగుని వంచే శక్తిలో, ఎంత తేడా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. జిగురుది దాదాపు 1.5. తెల్ల రంగులో వాడే టైటానియం డయాక్సైడ్‌ది సుమారు 2.7, అందుకే తెలుపు అంత గట్టిగా కప్పుతుంది. మెరిసే పసుపుల్లో ఎక్కువగా వాడే సేంద్రియ పిగ్మెంట్ల గుణకం జిగురుకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి వెలుగు పెద్దగా చెదరకుండా నేరుగా అడుగుకి పోతుంది. అడుగున నలుపుంటే అది ఆ వెలుగుని మింగేస్తుంది, మన కంటికి తిరిగొచ్చేది చాలా తక్కువ.

పసుపుకి ఇంకో గుణం కూడా ఉంది. నీలం కాస్త చీకటి పడినా ముదురు నీలంగానే ఉంటుంది, ఎరుపు కూడా అంతే. పసుపు చీకటి పడితే పసుపుగా మిగలదు, ఆలివ్ ఆకుపచ్చలోకి జారిపోతుంది. అనుమానం ఉంటే ప్యాలెట్ మీద ఒక చుక్క పసుపులో పిసరంత నలుపు కలిపి చూడండి, ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ముదురు బూడిద ప్రైమర్ మీద వేసిన పసుపు కూడా నీరసంగా, ఆకుపచ్చ ఛాయ తగిలే రంగులో కనబడటానికి కారణం ఇదే. అడుగు వెచ్చటి రంగులో ఉంటే, అంటే ఎర్రమట్టి, గోధుమ, నారింజ వైపు ఉంటే, దాని మీద వెలిసిపోయిన పసుపు కూడా బంగారు ఛాయగా కనబడుతుంది తప్ప ఆకుపచ్చగా కాదు.

పసుపులన్నీ ఒకటి కాదు. ఐరన్ ఆక్సైడ్ పసుపు, అంటే ఓకర్లలో వాడేది, చాలా బాగా కప్పుతుంది, కాకపోతే మట్టి రంగులో ఉంటుంది. బిస్మత్ వెనడేట్ పసుపు ప్రకాశవంతంగానూ ఉంటుంది, కప్పుతుంది కూడా. ఆరిలైడ్ పసుపులు (పైన చెప్పిన సేంద్రియ రకం) అందంగా మెరుస్తాయి, కానీ అడుగున ఉన్నదంతా చూపిస్తాయి. చిత్రకారులు వాడే ట్యూబుల మీద పిగ్మెంట్ కోడ్ ఉంటుంది: పీవై 42 అంటే ఐరన్ ఆక్సైడ్, పీవై 184 అంటే బిస్మత్ వెనడేట్, పీవై 3, పీవై 74 ఆరిలైడ్లు, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం తెలుపు. మినియేచర్ల కోసం అమ్మే డబ్బాల్లో చాలావాటి మీద ఈ కోడ్ ఉండదు, అప్పుడు చేయాల్సింది చిన్న పరీక్ష. పాత ప్లాస్టిక్ చెంచా వెనకవైపు నల్ల ప్రైమర్ కొట్టి, మీ దగ్గరున్న పసుపులూ ఓకర్లూ అన్నీ పక్కపక్కనే ఒక్కో పూత వేయండి. ఆరాక ఏది కప్పే రంగో, ఏది పైపై మెరుపుకి మాత్రమే పనికొచ్చేదో ఒక్క చూపులో తేలిపోతుంది. ఆ చెంచా నేను పారేయను, కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా దాని మీదే ఒక గీత గీస్తాను.

ముందు నలుపుని గోధుమ చేయండి

నల్ల ప్రైమర్ మానేసి తెల్లది కొట్టొచ్చు కదా అని అడుగుతారు. కొట్టొచ్చు. తెల్ల ప్రైమర్ మీద పసుపు సులువే, కానీ అప్పుడు ప్రతి సందులోనూ నీడ మీరే గీసుకోవాలి, కుంచె చేరని చోట తెలుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నలుపు మీద పనిచేసినప్పుడు కుంచె చేరని చోట నీడ దానంతటదే ఉంటుంది. నలుపుని మొత్తం చెరిపేయడానికి పోరాడేకన్నా ఎక్కడ ఉంచాలో ఎంచుకోవడం మేలు, నా మటుకు నాకు పసుపు కవచానికి ఇదే బాగా నచ్చిన దారి.

మొదటి మెట్టు ఎరుపు కలిసిన గోధుమ రంగు. మినియేచర్ రంగుల బ్రాండు సిటాడెల్‌లో మోర్న్‌ఫాంగ్ బ్రౌన్ ఉంది, వేరే కంపెనీదైనా తుప్పు రంగుకి దగ్గరగా ఉండే కప్పే గోధుమ ఏదైనా సరిపోతుంది. చల్లటి గోధుమ, అంటే బూడిద కలిసినట్టుండేది వద్దు. రెండు పాళ్ల రంగుకి ఒక పాలు నీళ్లు కలిపి మొదలుపెట్టండి, డబ్బాని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. కవచం పలకలన్నిటి మీద వేయండి, పలకకీ పలకకీ మధ్య ఉన్న గాడిలో మాత్రం నలుపుని సన్నగా వదిలేయండి. చేయి తప్పి గాడిలోకి పోయినా కంగారు పడక్కర్లేదు, ముదురు గోధుమ కూడా నీడలాగే పనిచేస్తుంది. ఒక పూతకి మచ్చలు మచ్చలుగా వస్తే ఆరనిచ్చి రెండోది వేయండి.

రెండో మెట్టు ఓకర్. అసలు కప్పేది ఇదే, కాబట్టి ఓపికంతా ఇక్కడ పెట్టండి. సిటాడెల్ బేస్ (బాగా కప్పే) రంగుల్లో ఉన్న ఆవర్‌లాండ్ సన్‌సెట్ ఈ పనికి బాగా పేరున్నది, వయేహో కంపెనీ రంగులు వాడేవాళ్లకి ఎల్లో ఓకర్ ఉంది. పలకల మీద గోధుమ కనబడకుండా, గాడుల పక్కన మాత్రం వెంట్రుకవాసి గోధుమ మిగిలేలా వేయాలి. రెండు పూతలు పడుతుంది, ఒక్కోసారి మూడు. ఈ మెట్టు అయిపోయేసరికి బొమ్మ మట్టిరంగు పసుపులో, మచ్చల్లేకుండా, సాఫీగా ఉండాలి. ఇక్కడ మచ్చలుంటే పై పసుపు వాటిని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. తొందరపడి ఈ మెట్టుని సగంలో వదిలేసి పైకి వెళ్లినవాళ్లే ఎక్కువమంది ఇబ్బంది పడతారు, నేను కూడా రెండుసార్లు ఆ పని చేసి వెనక్కి రావాల్సి వచ్చింది.

మూడోది, ఇప్పుడు పసుపు. యూరియల్ ఎల్లో లాంటి వెచ్చటి పసుపు, లేదా ఫ్లాట్ ఎల్లో. ఒకటికి ఒకటి నీళ్లు కలిపి, ఇంకా బాగుండాలంటే ఆ నీళ్లలో సగానికి బదులు ఆక్రిలిక్ మీడియం (రంగు లేని జిగురు ద్రవం) కలిపి, పలచగా వేయండి. ఒట్టి నీళ్లు ఎక్కువైతే జిగురు బలం తగ్గి రంగు ఎండినచోట చారలు పడతాయి, మీడియం కలిపితే ఆ ఇబ్బంది ఉండదు. మొదటి పూతకే తేడా కనబడుతుంది, రెండో పూతకి ఇది పసుపు బొమ్మ అని ఎవరైనా అంటారు. పలక అంతా ఒకే మోతాదులో వేయకండి, వెలుగు పడే పైభాగం మీద రెండో పూత, మూడో పూత. కిందివైపు, చంకల్లో, మోకాళ్ల వెనక ఒక్క పూత లేదా ఒట్టి ఓకరే. ఇక్కడ నీడకోసం విడిగా చేయాల్సింది ఏమీ లేదు, మెట్లే నీడని ఇచ్చేస్తాయి.

కుంచె సంగతి

పలచటి పూత అనగానే చాలామంది కుంచెని తడిగా, చుక్క వేలాడేలా పట్టుకుంటారు. రంగు పలచగా ఉండాలి, కుంచె మాత్రం తడిసి ముద్దై ఉండకూడదు. ప్యాలెట్ మీద రంగు తీసుకున్నాక కాగితం మీద ఒకసారి తాకించి, ఎక్కువైనది పీల్చేసుకోనివ్వండి, అప్పుడు బొమ్మ మీద పెట్టండి. గీత ఎక్కడ ఆగుతుందో అక్కడ పిగ్మెంట్ ఎక్కువగా దిగుతుంది, ఇది పసుపు విషయంలో బాగా పనికొచ్చే గుణం: లేత పసుపు వేసేటప్పుడు గీతని అంచువైపుకి లాగి ఆపండి, ముదురు రంగు వేసేటప్పుడు గాడివైపుకి లాగి ఆపండి. పెద్ద పలకలకి రెండో నంబరు గుండ్రటి కుంచె చాలు. చిన్న కుంచెతో పెద్ద పలక వేయబోతే మొదటి గీత ఆరిపోయాక రెండోది పడుతుంది, ఆ అతుకు పసుపులో కనబడినంతగా ఇంకే రంగులోనూ కనబడదు.

సగం ఆరిన రంగు మీద మళ్లీ కుంచె పెట్టొద్దు. పెడితే పైపొర చిరిగి కింది గోధుమ బయటపడుతుంది, దాన్ని సరిచేయబోతే ఇంకా చిరుగుతుంది. ఒక చోట లోపం కనబడిందా, వదిలేయండి, పక్క బొమ్మ తీసుకోండి. ఐదారు బొమ్మలు వరసలో పెట్టుకుని వేస్తే చివరిది అయ్యేసరికి మొదటిది ఆరి ఉంటుంది, కోటుకీ కోటుకీ మధ్య పది నిమిషాలు ఎదురుచూడాల్సిన పనే ఉండదు.

డబ్బాని బాగా ఊపండి. బాగా అంటే అర నిమిషం పైనే. టైటానియం డయాక్సైడ్ నీటికన్నా నాలుగు రెట్లకి పైగా బరువైనది, లేత పసుపుల్లో అది అడుగున పేరుకుంటుంది, పైన తేలే పలచటి ద్రవంతో వేస్తే ఎంత మంచి రంగైనా కప్పదు. డబ్బాలో స్టెయిన్‌లెస్ స్టీల్ గుండు ఒకటి వేస్తే ఊపడం సులువవుతుంది. మామూలు ఇనుప గుండు వేయకండి, తుప్పు పట్టి పసుపుని పాడు చేస్తుంది.

పసుపు కడగడానికి నీళ్లు వేరే గిన్నెలో పెట్టుకోండి. లోహపు రంగులు వాడిన నీళ్లలో కంటికి కనబడని రేకులు తేలుతుంటాయి, అవి పసుపులోకి వచ్చాయంటే ఆకుపచ్చ బూడిదగా మెరుస్తాయి, తీయడం కుదరదు. వీలైతే పసుపుకి ఒక కుంచె విడిగా ఉంచుకోండి, కుంచె మొదట్లో మిగిలిపోయిన పాత నలుపు సరిగ్గా పని మధ్యలోనే బయటికొస్తుంది. కుంచె మొన సరిచేయడానికి నోట్లో పెట్టుకునే అలవాటుంటే మానేయండి, కొన్ని చిత్రకారుల పసుపుల్లో విషపూరితమైన కాడ్మియం ఉంటుంది. కాడ్మియం రంగుల్ని ఎయిర్‌బ్రష్‌లో (గాలితో రంగు చిమ్మే పరికరంలో) అసలు వాడకూడదు.

నీడలూ, వెలుగులూ

మెట్లు ఇచ్చిన నీడ చాలకపోతే, దాన్ని పెంచడానికి పసుపులో నలుపు కలపొద్దు, ఎందుకో పైన చెప్పాను. నారింజ కలిసిన గోధుమ కలపండి. లోతు ఇంకా కావాలంటే ఆ గోధుమలోనే చుక్క ఊదా కలపొచ్చు, ఊదా పసుపుకి ఎదురు రంగు కాబట్టి పసుపు పొగరుని కొంచెం తగ్గిస్తుంది, ఆకుపచ్చ వైపు మాత్రం లాగదు. ఎక్కువైతే బురద అవుతుంది, కాబట్టి చుక్కంటే చుక్కే.

బొమ్మ మొత్తాన్ని వాష్‌లో, అంటే సందుల్లోకి పాకే నీళ్లలాంటి పలచటి ముదురు రంగులో, ముంచేసే అలవాటు పసుపు దగ్గర పనికిరాదు. మిగతా రంగుల మీద అందంగా ఉండే గోధుమ వాష్, పసుపు పలక మధ్యలో ఆరితే టీ మరకలా అంచు కట్టి కూర్చుంటుంది, దాన్ని దాచడానికి మళ్లీ ఓకర్ దాకా దిగాలి. వాష్ గాడిలో మాత్రమే వేయండి: సన్నని కుంచె మొనతో గాడిలో ఒకచోట తాకిస్తే చాలు, అదే పాకుతుంది. ముందు గ్లోసీ వార్నిష్ (మెరుపునిచ్చే రక్షణ పూత) ఒక పూత వేసుకుంటే ఇంకా బాగా పాకుతుంది. ఆయిల్ రంగులు వాడటం తెలిసినవాళ్లు గ్లోసీ వార్నిష్ పూర్తిగా ఆరాక బర్న్ట్ అంబర్ లాంటి ముదురు గోధుమ ఆయిల్ రంగుని వైట్ స్పిరిట్‌లో పలచన చేసి గాడుల్లో వేసి, ఎక్కువైనది వైట్ స్పిరిట్‌లో తడిపిన కుంచెతో తుడిచేయొచ్చు. పసుపు కవచానికి ఇంతకన్నా శుభ్రమైన గీత నేను వేరే పద్ధతిలో చూడలేదు, కాకపోతే ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, కిటికీ తెరిచి చేయాలి.

హైలైట్ల (వెలుగు గీతల) దగ్గర ఒక మాట. పసుపు ముందే చాలా లేత రంగు, అక్కడి నుంచి తెలుపుదాకా ఉన్న దూరం చాలా తక్కువ. ఎంత తెల్లటి గీత గీసినా పసుపు పక్కన అది పెద్దగా ఎత్తి కనబడదు, రంగు మాత్రం సుద్దలా పాలిపోతుంది. కాబట్టి లోతు పైనుంచి రాదు, కిందనుంచి రావాలి. నీడలు ఇంకా ముదురుగా ఉంచండి, మధ్య పసుపుని కొంచెం అణిచి ఉంచండి, అప్పుడు చివరి గీతకి చోటుంటుంది. ఆ చివరి గీత కూడా ఒట్టి తెలుపు కాకుండా వయేహో ఐస్ ఎల్లో లాంటి పాలిపోయిన పసుపుతో, లేదా పసుపులో దంతపు రంగు కలిపి, అంచుల మీద మాత్రమే, కుంచె మొనతో కాకుండా కుంచె పక్కతో అంచుని రాస్తూ వేయండి. ఒట్టి తెలుపు రెండు మూడు చుక్కలు చాలు, భుజం పైన, మోకాలి మీద, శిరస్త్రాణం నెత్తిన.

దీపం గురించి ఎవరూ చెప్పరు, నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వెచ్చటి పసుపు వెలుగిచ్చే బల్బు కింద పసుపూ తెలుపూ దాదాపు ఒకటిలాగే కనబడతాయి. రాత్రంతా కూర్చుని వేసిన హైలైట్లు పొద్దున్నే చూస్తే సున్నం గీతల్లా ఉంటాయి. 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఉండే తెల్ల వెలుగు దీపం పెట్టుకోండి, లేదంటే పసుపు పని పగటిపూటకి ఉంచుకోండి.

తొందరగా కావాలంటే

ముప్పై బొమ్మలు వేయాల్సి వచ్చినప్పుడు మెట్టు మెట్టూ కుంచెతో ఎక్కే ఓపిక అందరికీ ఉండదు, అది తప్పేం కాదు.

ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్లకి పని తేలిక. నల్ల ప్రైమర్ మీద ఎర్ర గోధుమ అంతటా, ఓకర్ నలభై ఐదు డిగ్రీల పైనుంచి చుట్టూ తిప్పుతూ, పసుపు నడినెత్తి నుంచి. 0.3 మిల్లీమీటర్ల సూది, 1 నుంచి 1.4 బార్ ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి మీ రంగుకి తగ్గట్టు సర్దుకోండి. దూరం ఎక్కువైతే రంగు గాల్లోనే ఆరి ఇసుక చల్లినట్టు గరుగ్గా పడుతుంది, పసుపులో ఈ గరుకు బాగా తెలుస్తుంది, దగ్గరికి వచ్చి పూత పలచన చేయండి. మాస్కు తప్పనిసరి.

ఎయిర్‌బ్రష్ లేకపోతే డ్రై బ్రష్, అంటే కుంచెలో రంగు దాదాపు తుడిచేసి మిగిలిన దాన్ని ఎత్తుగా ఉన్న చోట్ల రాయడం. నల్ల ప్రైమర్ మీద గోధుమ గట్టిగా, ఆ తర్వాత ఎముక రంగు కాస్త తేలిగ్గా డ్రై బ్రష్ చేసి, దాని మీద పారదర్శకమైన పసుపు గ్లేజ్, అంటే మీడియంతో బాగా పలచన చేసిన పూత, రెండుసార్లు లాగండి. బొచ్చు, తోలు, గుడ్డ మడతలు, పురుగు చర్మం లాంటి గరుకు చోట్ల ఇది అద్భుతంగా వస్తుంది. నున్నటి కవచం పలకల మీద మాత్రం డ్రై బ్రష్ గీతలు పసుపు కింద నుంచి కనబడతాయి, అక్కడ చిన్న స్పాంజి ముక్కతో ఓకర్‌ని తట్టుతూ వేస్తే గీతలు రావు.

సిటాడెల్ 2019లో కాంట్రాస్ట్ రంగులు (ఒక్క పూతలోనే రంగూ నీడా ఇచ్చేవి) తెచ్చాక పసుపు సులువైపోయిందని చాలామంది అంటారు. లేత అడుగు మీద నిజమే. నలుపు మీద మాత్రం అవి పూర్తిగా పారదర్శకం, వేసినా వేయనట్టే ఉంటుంది. నల్ల ప్రైమర్ కొట్టేసి ఉంటే ముందు పైనుంచి ఎముక రంగు స్ప్రే పొట్టి పొట్టి ఊపుల్లో, ఇరవై ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టి, తర్వాత ఇయాండెన్ ఎల్లో లాంటిది వేయండి. అడుగు భాగాల్లో నలుపు మిగిలి నీడ వస్తుంది. పెద్ద నున్నటి పలకలున్న బొమ్మలకి కాంట్రాస్ట్ నేను సిఫారసు చేయను, మధ్యలో గుంటలు కట్టి మరకలు పడుతుంది, పసుపులో అది దాచుకోలేం.

గులాబీ అడుగు కూడా కొందరు వాడతారు. గోధుమ మీద ఓకర్ బదులు లేత చర్మపు రంగు లాంటి గులాబీ వేసి, దాని మీద పసుపు. వచ్చే పసుపు సూర్యాస్తమయం ముందు వెలుగులా వెచ్చగా ఉంటుంది. మొత్తం సైన్యానికి నేను వేయను, కానీ ఒక నాయకుడి బొమ్మకి ఒకసారి వేసి చూడండి, దళంలో మిగతావాళ్ల పసుపు పక్కన అది వేరే ప్రాణంతో ఉంటుంది.

తప్పు జరిగినప్పుడు

ముందు వరస. బొమ్మ మీద పసుపు ముందు వేయండి, నలుపు అంచులూ తుపాకులూ లోహమూ తర్వాత. పసుపు పొరపాటున తుపాకీ మీద పడితే నలుపు ఒక్క పూతతో మాసిపోతుంది. నలుపు పసుపు మీద పడితే మళ్లీ మెట్లన్నీ ఎక్కాలి.

అయినా పడుతుంది. పడిన వెంటనే శుభ్రమైన తడి కుంచె పెట్టి ఎత్తేయండి, ఆ మూడు నాలుగు సెకన్లలో చేస్తే జాడ కూడా మిగలదు. ఆరిపోతే మాత్రం దాని మీద నేరుగా పసుపు పెట్టకండి, ఆకుపచ్చ మచ్చ అవుతుంది. ఓకర్ చుక్క పెట్టి, ఆరనిచ్చి, ఇంకో చుక్క పెట్టి, అప్పుడు పసుపు. మచ్చకన్నా కాస్త పెద్దగా వేసి అంచుల్ని తడి కుంచెతో కలిపేస్తే అతుకు కనబడదు. మచ్చ అంచు దగ్గరే ఉంటే ఇంకో దారి ఉంది: దాన్ని దెబ్బతిన్న కవచంగా మార్చేయండి. స్పాంజి ముక్కతో ముదురు గోధుమ తట్టి, ప్రతి గీతకీ కింది అంచున సన్నగా లేత పసుపు గీస్తే పెచ్చు లేచినట్టు వస్తుంది. యుద్ధంలో తిరిగిన పసుపు కవచానికి ఈ దెబ్బలు చాలా అందాన్నిస్తాయి, వార్‌హామర్ ఆటలోని పసుపు కవచాల సైన్యం ఇంపీరియల్ ఫిస్ట్స్ వేసేవాళ్లు మచ్చ లేకపోయినా కావాలని చేస్తారు.

పసుపు సుద్దలా, పొడిబారినట్టు వచ్చిందంటే అందులో తెలుపు ఎక్కువైంది. చెరపక్కర్లేదు. పారదర్శకమైన పసుపు, అంటే మీ చెంచా పరీక్షలో అస్సలు కప్పలేకపోయిన ఆ డబ్బానే, ఒక పాలు తీసుకుని నాలుగు పాళ్ల మీడియంలో కలిపి పైన గ్లేజ్ లాగా లాగండి. తేజం తిరిగొస్తుంది. సిటాడెల్ పసుపు వాష్ కాసాండోరా ఎల్లో షేడ్‌ని మీడియంతో పలచన చేసినా ఇదే పని చేస్తుంది. నలుపు మీద పనికిరాదని పక్కన పడేసిన పసుపుకి అసలైన చోటు ఇదే, కాబట్టి అలాంటి డబ్బాలు ఎవరికీ ఇచ్చేయకండి.

పసుపు ఆకుపచ్చగా తిరిగిందంటే అడుగు నలుపో బూడిదో కనబడుతోందని అర్థం, అక్కడ ఎంత పసుపు పోసినా ప్రయోజనం లేదు, ఓకర్‌కి వెనక్కి వెళ్లాల్సిందే. నారింజగా తిరిగితే మాత్రం అడుగు గోధుమ ఎక్కువగా కనబడుతోంది, ఇంకో పలచటి పసుపు పూత సరిపోతుంది.

వార్నిష్ విషయంలో, చేత్తో పట్టుకుని ఆడే బొమ్మలకి పసుపు మీద తప్పకుండా వేయండి. ఇన్ని మెట్లు ఎక్కి వచ్చిన రంగు అంచుల దగ్గర అరిగితే కింద నలుపు బయటపడుతుంది, ముదురు రంగు బొమ్మల మీద తెలియని అరుగుదల పసుపు మీద వెంటనే తెలిసిపోతుంది. గాల్లో తేమ ఎక్కువున్న రోజు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే కొట్టొద్దు, తెల్లటి పొగలా పడుతుంది. గ్లోసీ ఒక పూత, దాని మీద మ్యాట్ ఒకటి వేస్తే గట్టిగా ఉంటుంది.

చివరగా, దళం పూర్తయ్యాక మిగిలిన ఓకర్ మిశ్రమాన్నీ పసుపు మిశ్రమాన్నీ మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బాల్లో పోసి, ఏ రంగు ఎన్ని పాళ్లో మూత మీదే రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఒక భుజం అరిగినప్పుడో, అదే సైన్యంలోకి ఇంకో ఐదుగురు చేరినప్పుడో, మొదటి దళం పసుపుని మళ్లీ అచ్చం అలాగే కలపాలంటే ఆ మూత మీది రాత తప్ప ఇంకేదీ సాయం చేయదు.